హాలో బాడీ బేస్‌లో జర్‌మనే చప్పుడు: కొన్ని స్వరాలకే ఎందుకొస్తోంది?

నాలుగుతీగలు
అందరికీ నమస్కారం. నాది వయొలిన్ ఆకారపు హాలో బాడీ బేస్ గిటార్. స్కేల్, అంటే మోగే తీగ పొడవు, 30 అంగుళాలు. మధ్యలో చెక్క బ్లాక్ లేదు, లోపలంతా డొల్లే. బ్రిడ్జ్ అతికించింది కాదు, తీగల ఒత్తిడికి నిలబడే రకం. పైచుట్టు నున్నగా ఉండే ఫ్లాట్‌వూండ్ తీగలు వేసి ఉన్నాయి.

ఈమధ్య కొన్ని స్వరాలు వాయిస్తే వెనకాలే జర్‌మని సన్నటి చప్పుడు వస్తోంది. ఎక్కడెక్కడో రాసుకున్నాను. ఇ తీగ మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) మీద ఎఫ్, ఎ తీగ మూడో ఫ్రెట్ మీద సి, ఇ తీగ ఎనిమిదో ఫ్రెట్ మీద అదే సి, జి తీగ ఐదో ఫ్రెట్ మీద పై సి. ఆఖరిది అన్నిటికంటే గట్టిగా వస్తుంది. నాకు అంతుపట్టనిది ఒకటుంది. డి తీగ మూడో ఫ్రెట్ కూడా ఎఫే కదా, అక్కడ చప్పుడే లేదు!

యాంప్ పెట్టకపోయినా వినిపిస్తుంది. పైకి కనిపించే మరలన్నీ బిగించేశాను. ఇంకేం చూడమంటారు?

ఫస్ట్‌ఫ్రెట్
మొదటి ఫ్రెట్, మూడో ఫ్రెట్ అంటున్నారు కాబట్టి నెక్ మరీ తిన్నగా అయిపోయి ఉంటుంది. నెక్ లోపలి కడ్డీ, అదే ట్రస్ రాడ్, కాస్త వదులు చేయండి, తీగ పైకి లేస్తుంది. తొంభై శాతం బజ్‌లు దీంతోనే పోతాయి. పోకపోతే రెండో ఫ్రెట్ ఎత్తుగా ఉందేమో చూడండి.

చిత్రికపట్టు
ట్రస్ రాడ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. అతను రాసింది ఇంకోసారి చదవండి. ఇ తీగ ఎనిమిదో ఫ్రెట్, జి తీగ ఐదో ఫ్రెట్ కూడా ఉన్నాయి. రెండో ఫ్రెట్ ఎత్తుగా ఉంటే దాని వెనక నొక్కినప్పుడు గోల చేస్తుంది గానీ, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర నొక్కినప్పుడు దానికేం పని?

నా బల్ల మీదికి ఇలాంటి వాయిద్యం వచ్చినప్పుడు స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే ఒకటి తేల్చుకుంటాను. చప్పుడు తీగని బట్టి వస్తోందా, చోటుని బట్టి వస్తోందా, స్వరాన్ని బట్టి వస్తోందా?

ఒకే తీగ మీద ఎక్కడ వాయించినా వస్తే ఆ తీగ, బ్రిడ్జ్ మీద అది ఆనే శాడిల్, దాన్ని బిగించే ట్యూనర్ చూడాలి. తీగ చుట్టు లోపల వదులైనా అంతే, ఆ తీగ మారిస్తే తెలిసిపోతుంది. ఒక ఫ్రెట్ దగ్గర పక్కపక్క తీగలన్నిటికీ వస్తే అది ఫ్రెట్ గొడవ. ఒకే స్వరాన్ని వేరే తీగ మీద, వేరే చోట వాయించినా వస్తే ఫ్రెట్‌కీ దానికీ సంబంధం లేదు. ఎక్కడో ఏదో వదులై, ఆ స్వరం వచ్చినప్పుడల్లా వణుకుతోందన్నమాట.

నాలుగుతీగలు గారిది ఈ మూడో రకమే అనిపిస్తోంది. ఆ ఎఫ్ సంగతి మాత్రం ఆలోచించాలి.

స్టేజిలెఫ్ట్
అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. యాంప్‌లో వినిపిస్తోందా లేదా? హాలో బాడీ అంటేనే ఏదో ఒకటి గలగలలాడుతుంది. పికప్ తీసుకునేది తీగ కదలికని. వాయిద్యంలో ఎక్కడో మర గిలగిల్లాడితే స్పీకర్‌లోకి రాదు. డ్రమ్స్ మొదలయ్యాక ఇదంతా ఎవరికి వినపడుతుంది? హాయిగా వాయించుకోండి.

నాలుగుతీగలు
@స్టేజిలెఫ్ట్ యాంప్‌లో దాదాపు రాదు అన్నా. కానీ నేను ఇంట్లో మైక్ పెట్టి రికార్డ్ చేస్తాను, అందులో స్పష్టంగా పడుతోంది. పైగా ఆ పై సి మిగతా స్వరాల కంటే తొందరగా ఆరిపోతోంది.

@చిత్రికపట్టు గారూ, మీరన్నట్టు మళ్లీ చూశాను. డి తీగ పదో ఫ్రెట్ మీద పై సి వాయించినా వస్తోంది. ఇ తీగ పదమూడో ఫ్రెట్ ఎఫ్ దగ్గర రావట్లేదు. అంటే అన్నిటికంటే కింది ఎఫ్‌కి మాత్రమే వస్తుంది, దాని పై ఎఫ్‌కి రాదు.

ప్రతిధ్వని
ఇది భలే కేసు. లెక్క వేస్తే మొత్తం కుదిరిపోతోంది.

పై సి అంటే 130.8 హెర్ట్జ్. కింది సి 65.4, దాని రెండో హార్మోనిక్ (స్వరంతో పాటే సన్నగా మోగే, దానికి రెట్టింపు కంపనం) మళ్లీ 130.8. ఇ తీగ మొదటి ఫ్రెట్ ఎఫ్ 43.65, దాన్ని మూడుతో హెచ్చిస్తే 130.95. మూడూ ఒకే చోటికి వచ్చాయి. ఇక పై ఎఫ్ 87.3. దాని రెండో హార్మోనిక్ 174.6కి పోతుంది, 131 దరిదాపుల్లో దానికేమీ లేదు. అందుకే ఆ ఎఫ్ నిశ్శబ్దం.

కాబట్టి మీ బేస్‌లో సుమారు 131 హెర్ట్జ్ దగ్గర వణికేది ఒకటుంది. పై సి ఆ సంఖ్యని నేరుగా కొడుతుంది కాబట్టి అక్కడ గట్టిగా, మిగతా రెండూ హార్మోనిక్‌తో తడుతున్నాయి కాబట్టి కాస్త మెల్లగా వస్తోంది.

ఇప్పుడు తీగలు వాయించడం ఆపేయండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఒకటి వేసుకుని, ఫోన్‌ని యాంప్‌కి కలపండి. ఫోన్ స్పీకర్‌కి అంత కింది స్వరం పలికే సత్తా లేదు, దానితో పని జరగదు. బేస్‌ని స్పీకర్ ఎదురుగా ఒళ్లో పెట్టుకుని, తీగల కింద గుడ్డ దూర్చి అవి మోగకుండా చేసి, 40 నుంచి 250 వరకు సైన్ వేవ్ నెమ్మదిగా జరుపుతూ వెళ్లండి. వాల్యూమ్ మధ్యస్తంగా చాలు. ఏ అంకె దగ్గర జర్‌మంటుందో రాసుకోండి.

దీంతో లాభం ఏమిటంటే స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది, మీ రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. వేలితో ఒక్కో భాగం నొక్కుకుంటూ పోవచ్చు.

తొలిపాఠం
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నా బేస్‌లో కూడా బజ్ వస్తుంది, కానీ వాయించకపోయినా వస్తూనే ఉంటుంది. తీగలు ముట్టుకుంటే తగ్గుతుంది. ఇదీ మర వదులవడమేనా?

మంద్రస్థాయి
కాదు తమ్ముడూ, అది కరెంటు హమ్. వాయించకపోయినా వస్తోందంటేనే ఏదీ వణకడం లేదని అర్థం. మెయిన్స్ 50 హెర్ట్జ్ ఉన్నచోట 50, దాని గుణకాలు వినిపిస్తాయి, 60 ఉన్నచోట 60వి. తీగ ముట్టుకుంటే తగ్గడం అంటే నీ శరీరం గ్రౌండ్‌కి కలిసిందన్నమాట. షీల్డింగ్, గ్రౌండ్ తీగ చూపించుకో. దీనికి వేరే చర్చ మొదలుపెడితే మంచిది.

నాలుగుతీగలుకి ఒక మాట. సైన్ వేవ్ వేసే ముందు గదిలో వాటిని కూడా అనుమానించండి. కిటికీ అద్దం, లైటు గొట్టం, మూలన ఉన్న స్నేర్ డ్రమ్ కింది తీగలు, యాంప్ హ్యాండిల్, స్పీకర్ ముందు జాలీ, ఇవన్నీ బేస్ స్వరానికి ఊగిపోతాయి. ముందు ఒకసారి బేస్ బయట గదిలో పెట్టి స్వరం వేయండి. అప్పుడూ జర్‌మంటే దొంగ గదిలోనే ఉన్నాడు.

ఫస్ట్‌ఫ్రెట్
లెక్కలు బాగున్నాయి గానీ, ట్రస్ రాడ్ కూడా ఒక స్వరానికే వణకొచ్చు కదా? నెక్ లోపల వదులుగా ఉన్న రాడ్ గలగలలాడటం నేను చూశాను.

చిత్రికపట్టు
కాదనను, ఉంటుంది. రెండు వైపులా తిరిగే రాడ్‌కి మధ్యలో ఏ ఒత్తిడీ లేని స్థానం ఒకటుంటుంది, అక్కడ ఆగిపోతే లోపల వదులుగా కొట్టుకుంటుంది. కానీ అది తేల్చడానికి రాడ్ తిప్పనక్కర్లేదు. తీగలు అరచేత్తో మూసి, నెక్ వెనక వేలి కణుపుతో పైనుంచి కిందికి తట్టుకుంటూ రండి. రాడ్ వదులైతే తట్టిన ప్రతిసారీ చిన్న లోహపు టకటక వినిపిస్తుంది.

రిలీఫ్, అంటే నెక్‌కి ఉండే కొద్దిపాటి వంపు, కూడా చూడొచ్చు, నష్టం లేదు. మొదటి ఫ్రెట్, ఆఖరి ఫ్రెట్ రెండూ నొక్కి పట్టుకుని ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడండి. బేస్‌కి సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉంటే ఏ పేచీ లేదు. షార్ట్ స్కేల్‌లో తీగ ఒత్తిడి తక్కువ, ఊగేది ఎక్కువ కాబట్టి గట్టిగా వాయించేవాళ్లకి ఇంకాస్త కావాలి.

నాలుగుతీగలు
నెక్ తట్టి చూశాను, ఏమీ లేదు. రిలీఫ్ కూడా మీరన్న దగ్గరే ఉంది.

ఇక టోన్ జనరేటర్. ముందు బేస్ బయట పెట్టి వేస్తే గదిలో ఒక తలుపు గొళ్లెం మోగింది, దానికి గుడ్డ చుట్టాను. తర్వాత బేస్ తెచ్చి మెల్లగా జరిపాను. 129 దగ్గర మొదలై 133 దాటగానే ఆగిపోతోంది. సరిగ్గా 131 మీద దారుణం. ప్రతిధ్వని గారూ, మీకు దండం!

175 దగ్గర కూడా ఒకటి సన్నగా ఉంది. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

మంద్రస్థాయి
ఇప్పుడు 131 మోగుతుండగానే నొక్కుకుంటూ రండి. హాలో బాడీలో మామూలుగా దొరికే దొంగలు ఇవి.

పై చెక్క మీద గీతలు పడకుండా ఉంచే ప్లాస్టిక్ పలక, అదే పిక్‌గార్డ్, మొదట. ఈ రకం బేస్‌లో అది పై చెక్కకి తగలకుండా ఒక పక్క బ్రాకెట్ మీద గాలిలో ఉంటుంది. బ్రాకెట్ మర సగం చుట్టు వదులైనా చాలు. మర బిగువుగా ఉన్నా ప్లాస్టిక్ అంచు పికప్ రింగుకి తాకీ తాకకుండా ఉంటే అదీ జర్‌మంటుంది.

తర్వాత తీగల చివర్లు పట్టి ఉంచే టెయిల్‌పీస్. బ్రిడ్జ్ వెనక మిగిలిన తీగ ముక్కలు కూడా స్వరం పలుకుతాయి. అక్కడ స్పాంజి ముక్క దూర్చి చూడండి. తీగ చివరి గుండు గాడిలో సరిగా కూర్చోకపోయినా అంతే. పికప్ కింద స్ప్రింగులు, ట్యూనర్ బుషింగులు, ట్యూనర్ వెనక చిన్న మరలు, స్ట్రాప్ బటన్, జాక్ నట్టు. బ్రిడ్జ్ ఎత్తు మార్చే చిన్న చక్రాలు మరిచిపోవద్దు. తీగల ఒత్తిడి వాటి మీదే ఉంది కదా, వదులవ్వవని అందరూ వదిలేస్తారు.

1956లో వచ్చిన హాఫ్నర్ 500/1 బేస్‌లో బ్రిడ్జ్ శాడిళ్లు అంటే ఫ్రెట్ తీగ ముక్కలే, చెక్క గాడుల్లో అటూ ఇటూ జరిపేవి. ఆ నమూనాలో చేసినవాటిలో ఆ ముక్క గాడిలో వదులైతే అచ్చం ఫ్రెట్ బజ్‌లాగే వినిపిస్తుంది. నేను ఒకసారి ఆ ముక్క కింద సన్నటి కాగితం పెట్టి సరిచేశాను, ఇప్పటికీ అలాగే ఉంది.

స్టేజిలెఫ్ట్
అక్కా, ఇన్ని అనుమానాలుంటే మనిషి వాయించడం ఎప్పుడు? అందుకే నేను మధ్యలో బ్లాక్ ఉన్న సెమీ హాలో కొనుక్కున్నా. 1958లో గిబ్సన్ ఈబీ-2 బేస్‌లో ఆ బ్లాక్ ఊరికే పెట్టలేదు.

చిత్రికపట్టు
బ్లాక్ ఉంటే పై చెక్క అంత స్వేచ్ఛగా ఊగదు, ఫీడ్‌బ్యాక్ తగ్గుతుంది, నిజమే. కానీ బ్లాక్‌కి అటూ ఇటూ ఉన్న డొల్ల రెక్కల్లో వైర్లు, పాట్లు (నాబ్‌ల కింద ఉండే కంట్రోళ్లు) నీ బేస్‌లోనూ ఉన్నాయి. నీకూ ఓ రోజు వస్తుందిలే.

నాలుగుతీగలు
వరసగా నొక్కాను. పిక్‌గార్డ్ మొత్తం ఊడదీసి పక్కన పెట్టినా 131 అలాగే ఉంది. టెయిల్‌పీస్ వెనక స్పాంజి పెట్టినా తేడా లేదు. ట్యూనర్లు, పికప్పులు, బటన్లు, జాక్, అన్నీ అయ్యాయి.

కానీ పై చెక్క మీద, ఇ తీగ వైపు, బ్రిడ్జ్‌కీ తోకకీ మధ్య బొటనవేలితో కొంచెం ఒత్తితే చటుక్కున ఆగిపోతోంది! వేలు తీస్తే మళ్లీ మొదలు. ఒక అంగుళం ఇటు జరిపి ఒత్తితే ఆగదు. ఆ చోట పైన ఏ మరా లేదు.

చిత్రికపట్టు
అయితే సంగతి లోపలే ఉంది. రెండిట్లో ఒకటి అయ్యుండాలి. పై చెక్క కింద పొడవుగా అతికించిన బ్రేస్ అనే చెక్క పట్టీ చివర ఊడి ఉండాలి, లేదా ఏదైనా వైర్ అక్కడ చెక్కకి తగులుతూ ఉండాలి. నువ్వు ఒత్తినప్పుడు సందు మూసుకుని చప్పుడు ఆగుతోంది.

వైరుదైతే తేల్చడం సులువు. పై చెక్కలో ఎఫ్ అక్షరం ఆకారంలో ఉండే రంధ్రం, అదే ఎఫ్ హోల్, లోంచి వంచిన కమ్మీతో వైర్లని పక్కకి లాగి పట్టుకుని 131 వేసి చూడు. ఆగకపోతే బ్రేస్ చూడాలి.

బ్రేస్ చూడటానికి పళ్ల డాక్టర్లు వాడే రకం చిన్న అద్దం, ఒక చిన్న లైటు చాలు. ఫోన్‌కి తగిలించే సన్నటి గొట్టం కెమెరా ఉంటే ఇంకా మంచిది. లైటు లోపలికి పంపి, గది చీకటి చేసి, బ్రేస్ చెక్కకి కలిసే గీత వెంబడి అద్దం నడిపించు. ఊడినచోట వెంట్రుకంత నల్లగీత కనిపిస్తుంది. అతుకు బాగున్నచోట బయటికి ఉబికిన పాత జిగురు మెరుస్తుంది, ఊడినచోట ఆ మెరుపు మధ్యకి చీలి ఉంటుంది.

కంటితో తేలకపోతే పల్చటి కాగితం ముక్క. కమ్మీ చివర అంటించి ఆ గీతలోకి దూర్చు. అతుకు బాగుంటే కాగితం ఆగి మడత పడుతుంది. ఊడి ఉంటే జారిపోతుంది.

ఇంకోటి, లోపల తీగలు మీటే పిక్ గానీ, విరిగిన మర గానీ పడి ఉండొచ్చు. బోర్లా పెట్టి మెల్లగా ఊపి చూసుకో.

నాలుగుతీగలు
దొరికింది!

వైర్లు లాగి పట్టుకున్నా ఆగలేదు. అద్దంలో మొదట ఏమీ తెలియలేదు, లైటు ఎదురు ఎఫ్ హోల్‌లోకి మార్చాక తోక వైపు బ్రేస్ చివర నల్లగీత కనపడింది. కాగితం వేలి గోరు పొడవు లోపలికి పోయింది, ఆ తర్వాత ఆగింది. అంటే అంతవరకే ఊడింది. మిగతా బ్రేస్ గట్టిగానే ఉంది.

ఇప్పుడు ఏ జిగురు వాడాలి?

ఫస్ట్‌ఫ్రెట్
సూపర్‌గ్లూ. పల్చటిది రెండు చుక్కలు వదిలితే సందులోకి అదే లాక్కుంటుంది. పది సెకన్లలో పని అయిపోతుంది.

చిత్రికపట్టు
వద్దు. పల్చటి సూపర్‌గ్లూ సందులోకే పోతుందని నమ్మకం లేదు. చెక్క పొరల్లోకి, ఎఫ్ హోల్ అంచు మీదికి పారితే పాలిష్ కరిగి మచ్చ పడుతుంది. పైగా పాత జిగురు ఉన్న ఉపరితలాల మీద అది పెళుసుగా పట్టుకుని మళ్లీ ఊడితే, అప్పుడు కొత్త జిగురేదీ దాని మీద సరిగా అంటదు. వేడిచేసి వాడే తోలు జిగురు కానీ, చెక్క పనికి వాడే పసుపు జిగురు కానీ వాడు.

ముందు తీగలు తీయాలి. బ్రిడ్జ్ అతికించింది కాదు కాబట్టి తీగలు వదిలిన మరుక్షణం జరిగిపోతుంది. దాని కాళ్ల చుట్టూ మాస్కింగ్ టేప్ అంటించి గుర్తు పెట్టుకో. లేకపోతే తర్వాత పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్‌కీ, అక్కడే నొక్కిన స్వరానికీ పొంతన కుదుర్చుకుంటూ కూర్చోవాలి.

జిగురు సన్నటి రేకు కత్తి చివర తీసుకుని సందు దగ్గర పెట్టు. అప్పుడు పైనుంచి బొటనవేలితో చెక్కని నొక్కుతూ వదులుతూ ఉండు. సందు తెరుచుకుని మూసుకున్నప్పుడల్లా జిగురు లోపలికి పీల్చుకుంటుంది. అవతలి పక్క నుంచి సన్నటి పూసలా బయటికి వస్తే నిండినట్టు.

బిగింపుకి ఎఫ్ హోల్‌లో దూరే చిన్న మరజాకీ. కింద వెనక చెక్క మీద వెడల్పాటి పలక వేసి, దాని మీద జాకీ, పైన బ్రేస్ కింద ఇంకో చిన్న పలక. పైన బయట కూడా ఒక పలక పెట్టి క్లాంప్ వేయకపోతే జాకీ పై చెక్కని పైకి తోసేస్తుంది, జాగ్రత్త. సందు మూసుకునేంత బిగువు చాలు, అంతకుమించి బిగిస్తే వెనక చెక్క ఉబ్బుతుంది. ముందు జిగురు లేకుండా ఒకసారి అంతా బిగించి చూసుకో. జిగురు పెట్టాక జాకీ చేతికి అందక చెమటలు పట్టించుకోవద్దు.

బయటికి వచ్చిన జిగురుని కమ్మీకి తడిగుడ్డ చుట్టి తుడిచెయ్. 24 గంటలు ముట్టుకోకు. చేతికి నమ్మకం లేకపోతే బాగుచేసేవారికి ఇచ్చెయ్. నువ్వు చోటు చూపిస్తే వాళ్లకి పని సగం తగ్గినట్టే.

మంద్రస్థాయి
అసలు ఎందుకు ఊడిందో కూడా చూసుకోండి. గాలి బాగా పొడిబారితే పై చెక్క కుంచించుకుంటుంది. బ్రేస్ దానితో సమానంగా కుంచించుకోదు. ఆ లాగుడంతా అతుకు చివర మీద పడుతుంది. వాయిద్యం ఉంచే చోట తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే అతికించింది నిలుస్తుంది.

నాలుగుతీగలు
అప్‌డేట్. నేనే అతికించాను. జిగురు లేకుండా బిగించి చూడమన్నది బంగారం లాంటి మాట, నా జాకీ పలక మందంగా ఉండి మొదట ఎఫ్ హోల్‌లో పట్టనే లేదు, చెక్కించుకోవాల్సి వచ్చింది.

తీగలు వేసి 131 వేశాను. నిశ్శబ్దం. 125 నుంచి 140 వరకు ఎటు జరిపినా ఏమీ లేదు. జి తీగ ఐదో ఫ్రెట్ సి కూడా ఇప్పుడు మిగతా వాటితో సమానంగా నిలబడుతోంది.

175ది మాత్రం అలాగే ఉంది.

ప్రతిధ్వని
175 అంటే పై ఎఫ్ రెండో హార్మోనిక్. డి తీగ మూడో ఫ్రెట్ మీద గట్టిగా వాయిస్తే ఇప్పుడు వినిపించాలి. ఇంతకుముందు 131 హడావిడిలో తెలిసి ఉండదు.

నాలుగుతీగలు
అవును, చెవి దగ్గర పెట్టి వింటే ఉంది! వాల్యూమ్ నాబ్ ముట్టుకోగానే పోయింది. నాబ్ కింది అంచు కంట్రోల్ ప్లేట్‌కి రాసుకుంటోంది. విజిటింగ్ కార్డు కింద పెట్టి ఆ మందం మేర నాబ్ పైకి లాగాను, అంతే.

పాట్ నట్టు కూడా కాస్త వదులుగా ఉంది, బిగిద్దామనుకుంటే పాట్ మొత్తం తిరుగుతోంది.

చిత్రికపట్టు
అలాగే తిప్పేయకు, లోపల వైర్లు మెలి పడి తెగుతాయి. నాబ్ తీసి, పాట్ కాడ మధ్య చీలికలో స్క్రూడ్రైవర్ పెట్టి కదలకుండా పట్టుకుని నట్టు బిగించు. కాడ పూర్తిగా అవతలికి తిరిగి ఆగినచోట పట్టుకుంటే జారదు. ఎప్పుడైనా పాట్ లోపలికి దించాల్సి వస్తే ముందు కాడకి దారం కట్టు. దారం కట్టకుండా దించితే దాన్ని మళ్లీ రంధ్రంలోకి తేవడానికి పూట పడుతుంది.

స్టేజిలెఫ్ట్
చిత్రికపట్టు గారి శాపం తగిలింది. నా సెమీ హాలోలో ఇ తీగ ఏ ఫ్రెట్టూ నొక్కకుండా వాయిస్తే బుర్ర్ అంటోంది. ఏ ఫ్రెట్ నొక్కినా రాదు. 41 హెర్ట్జ్ వేశాను, ఏమీ మోగలేదు.

చిత్రికపట్టు
మోగదు. ఖాళీ తీగకి మాత్రమే వస్తే నెక్ పైచివర తీగలు ఆనే గాడుల పట్టీలో (దీన్నీ నట్ అనే అంటారు) ఇ తీగ గాడి లోతైపోయింది, తీగ మొదటి ఫ్రెట్‌ని తాకుతోంది. మూడో ఫ్రెట్ నొక్కి, మొదటి ఫ్రెట్ మీద తీగకి సందు ఉందో లేదో చూడు. అసలు లేకపోతే గాడి నింపాలి. గాడి వెడల్పైనా బజ్ వస్తుంది, అప్పుడు తీగ పక్కకి జరుగుతుంటే కనిపిస్తుంది. ఏదన్నది చూసి ఫోటో పెట్టు.